కంప్యూటరు విద్యలో పట్టము నెంచుకొనుట



ప్రతి సంవత్సరము వేసవి ముగియు దినములలో మన తెలుగునాట ఇంటింటను ఒకే ప్రశ్న వినబడును. ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడును, ప్రవేశపరీక్షలో ర్యాంకు తెలియును, అటుపైని ఏ శాఖలో చేరవలెను, ఏ కళాశాలలో చేరవలెనను విచారము ఆరంభమగును. చిరకాలము ఎంసెట్ అని మనము పిలిచిన పరీక్ష ఆంధ్రప్రదేశమున 2021 నుండియు, తెలంగాణమున 2024 నుండియు ఈఏపీసెట్ అను పేర జరుగుచున్నది. పరీక్ష పేరు మారినను ఇంటిలోని ప్రశ్న మారలేదు. దానిలో ఒక్క భాగమును మాత్రము నేడు విచారింతము. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుటయే జీవనవృత్తిగా చేసికొనదలచిన బాలుడు గాని, బాలిక గాని విశ్వవిద్యాలయమునందు ఏ పట్టమునకు చదువవలెను? చేరునపుడు దేనిని చూచి చేరవలెను?

తెలుగు పండితునికి ఈ విషయముతో నేమి పని యని కొందరనుకొనవచ్చును. ముప్పది యేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పినవాడను. నాయొద్ద చదివినవారిలో పెక్కుమంది నేడు ప్రోగ్రాములు వ్రాసి జీవించుచున్నారు. వారి తోడబుట్టువులును, ఇప్పుడు వారి బిడ్డలును పాఠ్యప్రణాళికలు చేతబట్టుకొని, "మాస్టారూ, వీనిలో ఏది మంచిది?" అని యడుగ వచ్చుచుందురు. అందుచేత ఆ ప్రణాళికలను చదువుటయు, పనిలో నున్నవారిని ప్రశ్నించి తెలిసికొనుటయు నాకు అలవాటైనది. పైగా వ్యాకరణము చదివినవానికి ఈ విద్య బొత్తిగా పరాయిది కాదు. పాణిని సుమారు 4,000 సూత్రములలో సంస్కృతభాష నంతటిని ఇమిడ్చెను. ఏ సూత్రము ముందు ప్రవర్తించును, ఏది దేనిని బాధించును, సామాన్యవిధి యేది, అపవాద మేది యను విచారము మా చదువులో చిన్ననాటినుండియు కలదు. ప్రోగ్రాములు వ్రాయువారి విచారమును ఆ జాతిదే.

మొదట ప్రోగ్రామనగా నేమో చెప్పుకొందము. యంత్రము చేయవలసిన పనిని, దానికి లేశమైనను సందేహము కలుగకుండ, వరుసగా చెప్పు ఆదేశముల సముదాయమే ప్రోగ్రాము. దీనిలో రెండంశములు కలవు. పనిని ఎట్లు విభజింపవలెను, ఏ క్రమమున చేయవలెను అను ఆలోచన మొదటిది. ఆ ఆలోచనను యంత్రమునకు తెలియు భాషలో వ్రాయుట రెండవది. లోకము సాధారణముగా రెండవదానినే చూచి, "ఏ భాష నేర్చినచో ఉద్యోగము వచ్చును?" అని యడుగుచున్నది. నిఘంటువు కంఠస్థము చేసిన మాత్రమున ఎవ్వడును కవి కాడు. అట్లే ఒక ప్రోగ్రాము భాషలోని పదములను నేర్చిన మాత్రమున ఎవ్వడును ఈ వృత్తిలో సమర్థుడు కాడు.

ఈ భాషల ఆయుర్దాయమును కొంచెము గమనింపుడు. ఫోర్ట్రాన్ అను భాష 1957లో లోకమునకు వచ్చెను. వర్తకలెక్కలకు ఉద్దేశింపబడిన కోబాల్ 1959లో రూపుదాల్చెను. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ 1970 ప్రాంతపు తొలి సంవత్సరములలో సీ అను భాషను నిర్మించెను. పైథాన్ 1991లోను, జావా 1995లోను వెలువడెను. నేడు 22వ యేట పట్టము పుచ్చుకొను యువతి 60వ యేటివరకు పనిచేసినచో ఆమె వృత్తికాలము 38 సంవత్సరములు. ఫోర్ట్రాన్ పుట్టిన 1957 నకును, జావా పుట్టిన 1995 నకును నడుమ గడచిన కాలము సరిగా అంతే. ఒక మనుష్యుని వృత్తికాలములో ఇన్ని భాషలు రాగలవన్నప్పుడు, ఒక్క భాషను మాత్రము నేర్పి పంపు చదువు ఆ యువతికంటె ముందే ముసలిదగును. భాషలు మారినను చెడని విద్య యేది కలదో, అది దొరకు పట్టమును వెదకికొనవలెను. నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. తక్కినదంతయు దీనికి వివరణము.

చెడని విద్య యనగా నేమో ఒక్క యుదాహరణముతో విశదపరచెదను. 10,00,000 పేర్లుగల ఒక పట్టిక యున్నదనుకొనుడు. అందులో ఒక పేరు కలదో లేదో చూడవలెను. మొదటినుండి ఒక్కొక్క పేరును పోల్చుచు పోయినచో, ఆ పేరు చిట్టచివర నున్నపుడు 10,00,000 పోలికలు కావలెను. ఆ పేర్లే అకారాదిక్రమమున కూర్చబడియున్నచో మరియొక మార్గము కలదు. శబ్దరత్నాకరములో మాటను వెదకునపుడు మనము చేయు పనియే యది. పట్టికను నడిమికి తెరచి చూతుము. కావలసిన పేరు అంతకు ముందుదైనచో వెనుకసగమును విడిచిపెట్టుదుము, తరువాతదైనచో ముందుసగమును విడిచిపెట్టుదుము. మిగిలిన సగమును మరల నడిమికి తెరతుము. ఇట్లు సగములు చేయుచు పోయినచో 10,00,000 పేర్లలో ఏ పేరునైనను 20 పోలికలకు మించకుండ పట్టుకొనవచ్చును. పేర్లు 20,00,000 అయినచో పోలికలు రెట్టింపగునా? కానేకావు. ఒక్క పోలిక మాత్రము పెరుగును. ఈ ఉపాయమును ఫోర్ట్రాన్‌లో వ్రాసినను, పైథాన్‌లో వ్రాసినను, రేపు పుట్టబోవు మరియొక భాషలో వ్రాసినను ఆ 20 మారదు. ఇట్టి ఉపాయములను కనిపెట్టుట, వాని ఖర్చును లెక్కించుట నేర్పు శాస్త్రమునకు అల్గారిథముల శాస్త్రమని పేరు. పట్టికను ఏ రూపమున అమర్చినచో ఏ పని సులభమగునో చెప్పునది డేటా స్ట్రక్చర్ల శాస్త్రము. ఈ రెండును ఈ విద్యకు రెండు కన్నులు.

తక్కిన అవయవములు ఏవి? ఇంజనీరింగు పట్టభద్రుల పైచదువుకొరకు మనదేశమున జరుగు గేట్ పరీక్షలో కంప్యూటరు శాస్త్రపు పాఠ్యవిషయములను చూచినచో ఆ యవయవముల పట్టిక మనకు సిద్ధముగా దొరకును. గణితము, డిజిటల్ లాజిక్, కంప్యూటరు నిర్మాణము, ప్రోగ్రామింగు మరియు డేటా స్ట్రక్చర్లు, అల్గారిథములు, గణనసిద్ధాంతము, కంపైలర్లు, ఆపరేటింగ్ సిస్టములు, డేటాబేసులు, నెట్‌వర్కులు. ఈ పదియు మూలవిషయములు. యంత్రము లోపల సున్నయు ఒకటియు ఎట్లు నడచునో డిజిటల్ లాజిక్కును, కంప్యూటరు నిర్మాణమును చెప్పును. మనము వ్రాసిన మాటలు యంత్రపు ఆదేశములుగా ఎట్లు మారునో కంపైలరు పాఠము చెప్పును. ఒకే యంత్రమున ఏకకాలమున నడచు పెక్కు పనులకు కాలమును, స్థలమును పంచిపెట్టు యజమాని ఆపరేటింగ్ సిస్టము. లక్షలమంది లెక్కలు చెడకుండ, ఒకరి సొమ్ము మరియొకరి పద్దులో పడకుండ కాపాడునది డేటాబేసు. యంత్రమునుండి యంత్రమునకు వార్త చేరు మార్గము నెట్‌వర్కు. యంత్రమునకు సాధ్యమైన దేదో, ఎన్నటికిని సాధ్యము కాని దేదో గణనసిద్ధాంతము చెప్పును. ఈ విషయమున అలన్ ట్యూరింగు వ్రాసిన ప్రసిద్ధవ్యాసము 1936 నాటిది. మనమిప్పుడు వాడు కంప్యూటర్లు పుట్టుటకు ముందే ఆ శాస్త్రము పుట్టెను. నేటికిని అది పాతబడలేదు.

గణితమును గూర్చి ప్రత్యేకముగా ఒక మాట. "ప్రోగ్రాములు వ్రాయుటకు ఇంత గణిత మెందుకు?" అని పిల్లలడుగుదురు. తెలుగు చదివినవారికి దీని సమాధానము ఛందస్సులోనే కలదు. అక్షరము లఘువో గురువో రెండు విధములు. మూడక్షరముల గణములు ఎన్ని? రెండును మూడుమారులు గుణించినచో ఎనిమిది. అవియే మన య, మ, త, ర, జ, భ, న, స గణములు. నాలుగక్షరములైనచో పదునారు విధములు. పింగళుని ఛందశ్శాస్త్రమున ఈ లెక్కలు కలవు. కంప్యూటరునందు లఘుగురువులకు బదులు సున్నయు ఒకటియు నుండును. ఎనిమిది స్థానములు గల ఒక బైటులో 256 విధములు పట్టును. ఇట్లు విడివిడిగా లెక్కింపదగిన వస్తువులను గూర్చిన గణితమునకే వివిక్తగణితమని పేరు. ప్రోగ్రాములు వ్రాయువానికి కలనగణితముకంటె ఇది మరింత దగ్గరిచుట్టము. కృత్రిమమేధను గూర్చి పనిచేయగోరువానికి సంభావ్యతయు, రేఖీయబీజగణితమును, కలనగణితమును కూడ కావలెను.

ఇక పట్టములను గూర్చి విచారింతము. మొదటిది నాలుగేండ్ల బీటెక్ పట్టములో కంప్యూటరు సైన్సు శాఖ. అఖిలభారత సాంకేతిక విద్యామండలి 2018లో వెలువరించిన మాదిరి ప్రణాళికలో ఈ చదువునకు మొత్తము 160 క్రెడిట్లు నిర్ణయింపబడెను. మొదటి సంవత్సరమున భౌతికశాస్త్రము మొదలగు సామాన్యవిషయములుండును. పిదప పైని చెప్పిన పదింటిలో దాదాపు అన్నియు వచ్చును. ఐటీ యని పిలువబడు శాఖకును దీనికిని అనేక కళాశాలలలో భేదము స్వల్పము. కావున కంప్యూటరు సైన్సు దొరకక ఐటీ దొరికినదని చింతింప నక్కరలేదు.

రెండవజాతి క్రొత్త పేర్ల శాఖలు. హైదరాబాదు ఐఐటీ 2019లో కృత్రిమమేధయందు బీటెక్ పట్టమును ఆరంభించెను. తరువాత ఇతర కళాశాలలలోను కృత్రిమమేధ, డేటా సైన్సు, సైబరు భద్రత అను పేర్లతో శాఖలు విస్తారముగా వెలసెను. కౌన్సెలింగు పట్టికలలో సీఎస్‌ఎం, సీఎస్‌డీ మొదలగు సంకేతములు వీనివే. ఈ శాఖలు చెడ్డవని నేననను. కాని 160 క్రెడిట్లనునది ఒక కుంచము వంటిది. క్రొత్తధాన్యము పోసినచో పాతధాన్యము కొంత తీయకతప్పదు. తీసినది యేదియని చూచుటయే మన పని. రెండు శాఖల ప్రణాళికలను ప్రక్కప్రక్కన పెట్టుకొని, పదిమూలవిషయముల పేర్లను ఒక కాగితముమీద వ్రాసికొని, ఒక్కొక్కదానికి ఎదుట గీత పెట్టుడు. కంపైలరో, ఆపరేటింగ్ సిస్టమో, కంప్యూటరు నిర్మాణమో తొలగింపబడి, దాని స్థానమున ఏదో యొక ఉపకరణమును వాడుట మాత్రము చేరియున్నచో జాగ్రత్తపడవలెను. మూలవిషయములన్నియు నిలిచి, వానిపై సంభావ్యతయు, యంత్రాభ్యసనమును చేరియున్నచో నిస్సందేహముగా చేరవచ్చును. ఒక్క గంటలో ముగియు ఈ పరీక్షను ఏ తండ్రియైనను, ఏ తల్లియైనను చేయవచ్చును.

మూడవజాతి బీఎస్సీ, బీసీఏ పట్టములు. గణితము, గణాంకశాస్త్రము, కంప్యూటరు సైన్సు కలిపి చదువు బీఎస్సీ మన డిగ్రీ కళాశాలలలో చాలకాలముగా నున్నది. ఇంజనీరింగుతో పోల్చినచో వ్యయము తక్కువ, గణితాభ్యాసము ఎక్కువ. బీసీఏ చదువు ప్రోగ్రామింగునకు దగ్గరగా నడచును. 2024-25 నుండి ఇదియు సాంకేతిక విద్యామండలి అనుమతి పరిధిలోనికి వచ్చెను. వీనిలో ఏది చదివినను తరువాత ఐసెట్ వ్రాసి ఎంసీఏలో చేరవచ్చును. పూర్వము మూడేండ్లుండిన ఎంసీఏ 2020-21 నుండి రెండేండ్లదైనది. విదేశములలో పైచదువునకు పోగోరువారు మాత్రము ఒక విషయమును ముందే తెలిసికొనవలెను. అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయములు నాలుగేండ్ల పట్టమును కోరును. మూడేండ్ల పట్టమునకు మరల కొంత చదువు చేర్పవలసివచ్చును. ఇంటనుండియే చదువదలచినవారికి మద్రాసు ఐఐటీ 2020లో ఆరంభించిన డేటా సైన్సు పట్టము కూడ కలదు. పాఠములు ఇంటనుండి వినవచ్చును, ముఖ్యపరీక్షలు మాత్రము కేంద్రమునకు పోయి వ్రాయవలెను.

పట్టము పేరును తేల్చుకొన్న తరువాత కళాశాలను పరీక్షింపవలెను. ఇచ్చట రెండు ప్రమాణపత్రములను కలిపివేయు వారు చాలమంది కలరు. నాక్ అను సంస్థ కళాశాల మొత్తమును పరీక్షించి గుర్తింపు నిచ్చును. ఎన్‌బీఏ అను సంస్థ ఒక్కొక్క శాఖను విడిగా పరీక్షించి గుర్తింపు నిచ్చును. కళాశాలకు నాక్ గుర్తింపు ఉన్నను, మీ బిడ్డ చేరబోవు శాఖకు ఎన్‌బీఏ గుర్తింపు లేకపోవచ్చును. రెంటిని విడివిడిగా అడుగుడు. 2024-25 నుండి మంచి ప్రమాణములుగల కళాశాలలకు ఒక శాఖలోని సీట్ల సంఖ్యపై నుండిన పరిమితి తొలగింపబడెను. సీట్లు ఉత్తరువుతో పెరుగును. డేటా స్ట్రక్చర్లు చక్కగా చెప్పగల ఉపాధ్యాయులు ఉత్తరువుతో పుట్టరు. కావున ఆ పాఠమును ఎవరు చెప్పుచున్నారు, ఎన్నేండ్లుగా చెప్పుచున్నారు, ప్రయోగశాలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క కంప్యూటరు దొరకునా లేదా అని విచారింపుడు.

ఈ ప్రశ్నలు కార్యాలయములో నడుగుటకంటె, అచ్చట మూడవ సంవత్సరము చదువుచున్న పిల్లల నడుగుట మేలు. వారిని ఇంకొకటి కూడ అడుగుడు. ప్రయోగశాలలో వారు స్వయముగా ప్రోగ్రాములు వ్రాయుచున్నారా, లేక వెనుకటివారి రికార్డును చూచి క్రొత్తరికార్డులోనికి ఎక్కించుచున్నారా? చివరి సంవత్సరపు ప్రాజెక్టును తామే చేయుచున్నారా, లేక వెలయిచ్చి తెచ్చుకొనుచున్నారా? రికార్డు నకలు వ్రాయుటయే ప్రయోగమైన చోట, గోడమీద ఎన్ని ప్రమాణపత్రములు వ్రేలాడినను, ఈత పుస్తకమును నకలు వ్రాసి ఏటిలో దిగినట్లే యగును.

ఇప్పుడు ధనమును గూర్చి మాటలాడక తప్పదు. మన రాష్ట్రములలోని ప్రైవేటు కళాశాలలలో ఇంజనీరింగు సీట్లలో 70 శాతము కన్వీనరు కోటా, 30 శాతము యాజమాన్యపు కోటా. ర్యాంకు చాలనపుడు యాజమాన్యపు సీటుకొరకు పొలమమ్ముకొను కుటుంబములు ఎన్నో కలవు. కొన్నేండ్ల క్రిందట ఒక రైతు కూతును వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చెను. ఒక ప్రైవేటు కళాశాలలో డేటా సైన్సు సీటుకొరకు రెండెకరములు అమ్మజూపియుండెను. ఆ కళాశాల ప్రణాళికను మేము మువ్వురమును కూర్చుండి గీతలు పెట్టి చూచితిమి. కంపైలరు లేదు, గణనసిద్ధాంతము లేదు. ప్రయోగశాల గంటలు స్వల్పము. దగ్గరి పట్టణములోని ప్రభుత్వ డిగ్రీకళాశాలలో గణితము చెప్పువారు మంచివారని ఆ బాలికకే తెలియును. ఆమె బీఎస్సీలో చేరెను, పిదప ఐసెట్ వ్రాసి ఎంసీఏ చదివెను. నేడు ప్రోగ్రాములు వ్రాసియే జీవించుచున్నది. పొలము నిలిచినది.

ఈ మార్గమున కష్టము లేదని చెప్పుట సత్యము కాదు. ఆమెకు మొత్తము ఐదేండ్లు పట్టెను. కళాశాలకే వచ్చి ఉద్యోగములిచ్చు సంస్థలు ఆమె చదివిన డిగ్రీకళాశాలకు రాలేదు. కావున అర్జీలు తానే పెట్టుకొని, పరీక్షలు తానే వెదకికొని వ్రాయవలసివచ్చెను. రాత్రులు ఉచితపాఠములు విని, కొరవబడిన విషయములను పూరించుకొనవలసివచ్చెను. మరియొక ఇంటి బాలునికి మంచి కళాశాలలో, పదిమూలవిషయములును చక్కగా చెప్పు శాఖలో సీటు వచ్చినపుడు, బ్యాంకు ఋణము తీసికొనియైనను చేరుమని నేనే చెప్పితిని. చవుకయైనదే మంచిదని నా మతము కాదు. ధనము చదువునకు పోవలెను గాని పేరునకు పోరాదు. ఇంకొక మాట. కొడుకునకైతే పొలమమ్మవచ్చును, కూతునకైతే దగ్గరి కళాశాల చాలును అను లెక్క కొన్ని యిండ్లలో నున్నది. గీతలు పెట్టు కాగితము ఇద్దరికిని ఒక్కటియే కావలెను.

పట్టము పేరే మనుష్యుని భవిష్యత్తును తేల్చునను భయమును కూడ విడువవలెను. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు మద్రాసు గిండీ కళాశాలలో 1958లో పుచ్చుకొనినది సివిల్ ఇంజనీరింగు పట్టము. పిదప అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రము చదివి 1966లో డాక్టరేటు నందిరి. కృత్రిమమేధయందలి కృషికి 1994లో ఆయనకు ట్యూరింగు పురస్కారము లభించెను. హైదరాబాదులో 1967లో పుట్టిన సత్య నాదెళ్లగారు మణిపాలులో చదివినది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు. తరువాతనే అమెరికాలో కంప్యూటరు శాస్త్రము చదివిరి. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థకు అధిపతియైరి. అయితే వీరిని చూపి, ఏ పట్టమైనను ఒక్కటే యని వాదించుట పొరపాటు. ఇరువురును పిదప మూలవిషయములను క్రమముగా, గురుముఖమున, పైచదువులో నేర్చినవారే. మొదటి పట్టము వేరైనను మూలవిద్యను వారు దాటవేయలేదు.

"ఇంత చదువెందుకు? అమీర్‌పేటలో మూడునెలలు నేర్చుకొన్నచో చాలదా?" అని యడుగువారును కలరు. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణాలయములు వేలమంది తెలుగుపిల్లలకు అన్నము పెట్టిన మాట నిజము. 2000 సంవత్సరము వచ్చునపుడు, సంవత్సరమును రెండంకెలతో వ్రాసిన పాత కోబాల్ ప్రోగ్రాములను సరిదిద్దుటకు ఎందరో కావలసివచ్చిరి. త్వరగా నేర్చి ఆ పనికి పోయినవారు మనవారిలో పెక్కుమంది. ఆ పని ముగిసిన తరువాత నిలిచినవారు, క్రొత్తభాషను తామే నేర్చుకొనగల పునాది యున్నవారు. అట్టి శిక్షణము భోజనములో ఊరగాయ వంటిది. అన్నముతో కలిసినచో రుచి, అదియే భోజనమైనచో నిలువదు.

కడపటి సందేహము నేటి కాలమునకు సంబంధించినది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ ప్రజల యెదుటికి వచ్చినది మొదలు యంత్రమే ప్రోగ్రాములు వ్రాయుచున్నది. ఇక ఈ చదువు వ్యర్థమా యని తల్లిదండ్రులు భయపడుచున్నారు. ఒక చిన్నపని చూడుడు. దినముల లెక్కను వడ్డీ కట్టు ప్రోగ్రామునకు లీపు సంవత్సరము తెలియవలెను. నాలుగుచేత నిశ్శేషముగా భాగింపబడు సంవత్సరమెల్ల లీపు సంవత్సరమని వ్రాసినచో, అది 2024 నకు సరిపోవును, 2028 నకు సరిపోవును, 2100 నకు తప్పును. నాలుగుచేత భాగింపబడుట ఉత్సర్గము. నూరుచేత భాగింపబడినచో లీపు కాదనుట అపవాదము. 400 చేత భాగింపబడినచో మరల లీపు అనుట ప్రతిప్రసవము. యంత్రము వ్రాసి యిచ్చిన ప్రోగ్రాములో ఈ మూడును కలవా లేవా యని చదివి చెప్పువాడు కావలెను. లోపమున్నచో బ్యాంకులో ఖాతాదారునికి నష్టము కలిగిననాడు బాధ్యత వహించువాడు మనుష్యుడే గాని యంత్రము కాదు. తేలికయైన ప్రోగ్రాములను వ్రాయుటయే పనిగా నున్నవారి అవసరము తగ్గవచ్చును. ఆ మాటను దాచుట మంచిది కాదు. అందుచేతనే భాషను మాత్రము నేర్పు చదువునకు ఇదివరకున్న విలువ కూడ నేడు లేదు. తప్పొప్పులను నిర్ణయింపగల చదువునకు విలువ హెచ్చినది.

చేరుటకు ముందు విద్యార్థి తన్ను తాను పరీక్షించుకొనవలెను. ఐఐటీలును, బెంగుళూరు సైన్సు సంస్థయు కలిసి 2003లో ఆరంభించిన ఎన్‌పీటెల్ పాఠములు ఉచితముగా వినవచ్చును. 2017లో వెలసిన స్వయం అను ప్రభుత్వ వేదికలోను పాఠములు దొరకును. ఫలితములు వచ్చులోపల ఒక్క నెల పాఠములు విని, ప్రతిదినము ఒక చిన్న ప్రోగ్రామును స్వయముగా వ్రాసి చూడుడు. పదిమారులు తప్పు చూపి, పదునొకండవమారు నడచిన ప్రోగ్రామును చూచి సంతోషము కలిగినచో ఈ వృత్తి మీకు తగును. రెండవ తప్పునకే విసుగు పుట్టి, మూడవదానికి ఎవరినో అడిగి నకలు వ్రాయ బుద్ధిపుట్టినచో, జీతములను గూర్చి విన్న కథలను నమ్మి నాలుగేండ్లు ధారపోయకుడు. తెలుగుమాధ్యమమున చదివినవారు భయపడ నక్కరలేదు. ఈ శాస్త్రములో ఆలోచన యే భాషలోనైనను సాగును. పుస్తకములు చదువుటకు కావలసిన ఆంగ్లము, దినమునకు రెండుపుటలు చదివినచో, ఒకటి రెండేండ్లలో పట్టుబడును.

చెప్పినదానిని సంగ్రహించి ముగించెదను. శాఖ పేరును చూడకుడు, పదిమూలవిషయములు కలవో లేవో కాగితముమీద గీతలు పెట్టి చూడుడు. వానిని చెప్పువారెవరో, పిల్లలు స్వయముగా వ్రాయుచున్నారో లేదో విచారింపుడు. అట్టి చదువు దొరికినచో అది బీటెక్ అయినను, బీఎస్సీ అయినను, ఎంసీఏ అయినను మంచిదే. దొరకనిచోట ఎంత క్రొత్తపేరైనను, దానికొరకు పొలము నమ్మకుడు. కౌన్సెలింగునకు ఇంకను వ్యవధి యున్న యిండ్లలో ఈ రాత్రియే ఆ కాగితమును తీసి వ్రాయుట మొదలుపెట్టుడు.